నత్తి పోలేదు, సంఘంలో చదవమంటున్నారు. ‘నా కృప నీకు చాలును’ అంటే రోజువారీగా ఏం చేయాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక బ్రదర్ అడిగారు. వయసు 43, చిన్నప్పటి నుంచి నత్తి. ఇంట్లో తెలుగే అయినా బడి ఒడియాలో సాగింది, అందుకని తెలుగు బైబిలు కూడబలుక్కుని చదువుతారు. ఈ మధ్య సంఘం ఆయన్ని సంఘ పెద్దగా ఎన్నుకుంది. నెలకొక ఆదివారం వాక్యభాగం చదివే వంతు వస్తుంది, ఆ వారమంతా నిద్ర పట్టదు. ఏళ్ల తరబడి ప్రార్థించారు, షుగర్ మాత్రలు వేసుకుంటూనే మూడేసి రోజులు ఉపవాసం ఉన్నారు. ఒక స్వస్థత కూడికలో ‘నీకు విశ్వాసం చాలదు’ అనేశారు. ఆయన అడిగినవి మూడు: పోవాలని అడగడం మానేయాలా? బలహీనతలో బలం అంటే చేతల్లో ఏమిటి? పెద్దరికం వదులుకోవాలా?

వందనాలు బ్రదర్. అడగడం మానక్కర్లేదు. పెద్దరికం వదులుకోనక్కర్లేదు. మానాల్సింది ఒక్కటే, ‘నత్తి పోయాక మొదలుపెడతాను’ అనే వాయిదా. ఉన్న నత్తితోనే, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, ఒక పద్ధతి ప్రకారం వచ్చే నెల చదవండి. ఎలాగో కింద రాశాను. పద్ధతి వెనకాల ఉన్న వాక్యాన్ని సరిగ్గా పట్టుకోకపోతే అది రెండు వారాలు కూడా నిలవదు కాబట్టి ముందు వాక్యం.

బలహీనత బలంగా మారుతుందని పౌలు రాయలేదు. రెండవ కొరింథీ 12:9లో ‘నా కృప నీకు చాలును’ తర్వాత ఉన్నది ‘బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది’. బలహీనత ‘యందు’. పౌలు ‘శరీరములో ముల్లు’ అని చెప్పుకున్న బాధ (12:7) అక్కడే ఉంది, దానితో పాటు మరొకరి శక్తి వచ్చింది. ఆ తర్వాతి మాట ‘క్రీస్తు శక్తి నామీద నిలిచియుండు నిమిత్తము’. ఇక్కడ ‘నిలిచియుండు’ అన్నచోట గ్రీకులో గుడారం వేసుకోవడం అనే అర్థమున్న క్రియ ఉంది. గుడారం మన లోపలి నుంచి మొలవదు, ఒకరు బయటి నుంచి తెచ్చి మన మీద వేయాలి. అందుకే ‘నాలో ధైర్యం ఎప్పుడు పుడుతుందా’ అని ఎదురుచూసేవాళ్లు ఏళ్లు గడిపేస్తారు. ధైర్యం పుట్టదు. వణుకుతూనే లేచి నిలబడతారు, పని జరిగిపోతుంది. కొరింథులో పౌలు పరిస్థితీ అదే: ‘బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని’ (మొదటి కొరింథీ 2:3). ఆయన మాట తీరు మీద అక్కడివాళ్ల తీర్పు కూడా పత్రికలోనే ఉంది: ‘అతని ప్రసంగము కొరగానిది’ (రెండవ కొరింథీ 10:10). మీ సంఘంలో మీ వెనకాల ఎవరైనా ఏదైనా అంటుంటే, అపొస్తలుడికి తప్పనిది మీకు తప్పుతుందా?

పౌలు ముల్లు ఏమిటో బైబిలు చెప్పలేదు. కంటి జబ్బని, మలేరియా అని, విరోధులని రకరకాలుగా ఊహించారు. చెప్పకపోవడం మేలే అయింది, లేకపోతే ఆ ఒక్క జబ్బువాళ్లే ఆ వాక్యాన్ని వాడుకునేవాళ్లు.

ఇక ‘అడగడం మానాలా’ అన్నదానికి. ముల్లు పోవాలని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. యేసు గెత్సేమనేలో అదే మాటలు చెబుతూ మూడుసార్లు ప్రార్థించాడు. ఇద్దరికీ అడిగింది దొరకలేదు, ఇద్దరికీ జవాబు మాత్రం దొరికింది. నత్తి విషయంలోనైతే అడగడానికి మీకు సాక్షాత్తు ఆధారమే ఉంది. మార్కు 7:32లో ‘చెవుడుగల నత్తివాని’ యేసు దగ్గరకు తీసుకొస్తారు, ఆయన బాగుచేస్తాడు. అయితే ఆ భాగాన్ని ఈసారి నెమ్మదిగా చదవండి. ఆ మనిషిని జనం మధ్య నిలబెట్టలేదు, ఏకాంతంగా పక్కకు తీసుకెళ్లాడు. అతని విశ్వాసం ఎంత అని అడగలేదు. అతన్ని తీసుకొచ్చింది వేరేవాళ్లు, వేడుకున్నదీ వాళ్లే. స్వస్థత కూడికల్లో మైకు నోటి దగ్గర పెట్టి, వందల మంది ముందు ‘యేసు అను, గట్టిగా అను’ అనే పద్ధతికీ దీనికీ పోలిక లేదు.

‘విశ్వాసం చాలదు’ అన్నవాళ్లకు జవాబు చెప్పనక్కర్లేదు, మీ మనసుకు మాత్రం చెప్పుకోండి. పౌలు తోటి పనివాళ్లనే చూడండి: త్రోఫిము రోగి అయితే పౌలు అతన్ని మిలేతులో వదిలి వచ్చాడు (రెండవ తిమోతి 4:20). తిమోతికి కడుపు జబ్బు, తరచు వచ్చే బలహీనతలు ఉంటే ‘ద్రాక్షారసము కొంచెముగా పుచ్చుకొనుము’ అని ఇంటి వైద్యం రాశాడు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరగా వెళ్లాడు. వీళ్లలో ఎవరి విశ్వాసాన్నీ పౌలు తూకం వేయలేదు.

అడిగే తీరు ఇలా పెట్టుకోండి. ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీలో ‘తీసివేయి’ ప్రార్థన. దానికి వారంలో ఒక రోజు, ఒక సమయం. కుడి పేజీలో ఆ రోజుకు కావలసింది: ‘ఇవాళ బ్యాంకులో పేరు చెప్పేటప్పుడు నోరు నొక్కుకోకుండా ఆగే ఓపిక’, ‘రేపు కూతురి టీచరుతో మాట్లాడాలి’. ఇది రోజూ. రాత్రి ఒక్క గీత: జరిగింది, సగం జరిగింది, జరగలేదు. నెల తిరిగేసరికి ఎడమ పేజీ మారకపోవచ్చు. కుడి పేజీలో జరిగినవి కొన్నయినా ఉంటాయి, అవి రాసి పెట్టకపోతే గుర్తుండవు. ‘చాలును’ అనే మాటకు కొలత దొరికేది ఆ పేజీలో. ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చాలామంది రెండో పేజీలో కూడా ‘నత్తి రాకుండా మాట్లాడాలి’ అని రాస్తారు. అది మళ్లీ ఎడమ పేజీ ప్రార్థనే. నత్తితోనే పని కావాలని రాయాలి.

అన్నిటికన్నా ముందు, దేన్ని బలహీనత అంటున్నారో తేల్చుకోండి. రెండవ కొరింథీ 12:10లో పౌలు ఇచ్చిన జాబితా చూడండి: బలహీనతలు, నిందలు, ఇబ్బందులు, హింసలు, ఉపద్రవాలు. ఇందులో పాపం ఒక్కటి కూడా లేదు. ‘తాగుడు నా ముల్లు బ్రదర్, కృప చాలు’ అని సాక్ష్యం చెప్పేవాళ్లు ఉన్నారు. అది ముల్లు కాదు. అది ఒప్పుకుని, చికిత్స తీసుకుని మానాల్సినది. దానికి 14446 అనే జాతీయ వ్యసన విముక్తి నంబరు కూడా ఉంది. అలాగే రోగం వేరు, గాయం వేరు, శరీరానికి ఉన్న పరిమితి వేరు. రోగానికి మందు, గాయానికి కాలమూ మాట్లాడే మనిషీ, పరిమితికి ఏర్పాటు కావాలి. ఒకదాని మందు మరొకదానికి వేస్తే వికటిస్తుంది. పరిమితిని పాపంలా ఒప్పుకుంటూ ఉంటే మనిషి లోపల్లోపల కుంగిపోతాడు. మీ నత్తి విషయంలో జరుగుతున్నది అదేనని నాకనిపిస్తోంది.

నత్తి గురించి తెలిసిన సంగతులు కొన్ని చెప్పనివ్వండి, ఎందుకంటే సంఘాల్లో దీని చుట్టూ చాలా చెత్త పేరుకుని ఉంది. సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. పెద్దవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి ఉంటుంది, ఆడవాళ్లకన్నా మగవాళ్లలో సుమారు నాలుగింతలు ఎక్కువ. మాటను నడిపే మెదడు పనితీరులోని తేడా, వంశపారంపర్యం దీనికి కారణాలు. భయం దీన్ని పెంచుతుంది, పుట్టించదు. దయ్యం అంతకన్నా కాదు. ఇంకొక విశేషం మీకు అనుభవమే అయి ఉంటుంది: పాట పాడేటప్పుడు రాదు, పదిమందితో కలిసి ఒకే మాట చెప్పేటప్పుడు దాదాపు రాదు. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరితో కలిసి చెప్పేటప్పుడు మీ గొంతు ఎక్కడైనా ఆగుతుందా? వచ్చే ఆదివారం గమనించండి. విశ్వాసం తక్కువై నత్తి వస్తే, ఆ ఒక్క నిమిషంలో విశ్వాసం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

మోషే దగ్గరకు వద్దాం. ‘నేను నోటిమాంద్యము నాలుక మాంద్యము గలవాడను’ అన్నాడు (నిర్గమ 4:10). అది నత్తేనా అన్నది వాక్యం తేల్చి చెప్పలేదు, మాట తడబడే మనిషి అన్నంతవరకు స్పష్టం. దేవుడు అతని నాలుక బాగుచేసినట్టు ఎక్కడా లేదు. అతని తరఫున మాట్లాడడానికి అన్న అహరోనును తోడిచ్చాడు. దేవునికి కోపం వచ్చింది నోటి గురించి చెప్పినప్పుడు కాదు, 13వ వచనంలో ‘వేరొకరిని పంపు’ అన్నప్పుడు. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. బలహీనత చెప్పుకోవడం వేరు, దాన్ని అడ్డుపెట్టుకుని పని తప్పించుకోవడం వేరు. తర్వాత రెఫీదీములో, అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా, ఎత్తి పట్టుకున్న మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరొక పక్కన నిలబడి పట్టుకున్నారు. మోషే జీవితంలో ‘కృప’ ఎక్కువగా పక్క మనిషి రూపంలోనే కనిపిస్తుంది. చివరికి ద్వితీయోపదేశకాండములో ఉన్న 34 అధ్యాయాల్లో చాలా భాగం ఆ మాట రానివాడి ప్రసంగమే!

పెద్దకు ‘బోధింపతగినవాడు’ అనే అర్హత ఉంది కదా అంటారేమో. బోధించడం అంటే మైకు ముందు నలభై నిమిషాలు అని అక్కడ లేదు. ఒకరి ఇంటి అరుగు మీద కూర్చుని ఒక కుర్రాడికి వాక్యం విప్పి చెప్పడమూ బోధే. పైగా మొదటి తిమోతి 5:17లో ‘విశేషముగా వాక్యమందును ఉపదేశమందును ప్రయాసపడువారిని’ అని విడదీసి చెప్పాడంటే, అదే ముఖ్యమైన పనిగా లేని పెద్దలూ ఉండేవారని అర్థమవుతుంది. లెక్కలు చూడడం, రోగుల ఇళ్లకు వెళ్లడం, తగవులు తీర్చడం మీకు వస్తే మీరు పెద్దే.

ఇప్పుడు చదివే పద్ధతి. దీనికి వారం రోజులు కావాలి, శనివారం రాత్రి మొదలుపెడితే పనిచేయదు.

వాక్యభాగం ఆదివారానికి కనీసం ఏడు రోజుల ముందు చేతికి ఇవ్వమని పాస్టరుగారిని అడగండి. మొదట్లో 6 నుంచి 8 వచనాలు మించకూడదు. దాన్ని పెద్ద అక్షరాలతో చేత్తో రాసుకోండి. తెలుగు లిపి నెమ్మది అయితే ఒడియా అక్షరాల్లో రాసుకోండి, ఇందులో సిగ్గేమీ లేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఒడియా బడిలో చదివిన తెలుగువాళ్లు ఎందరో కీర్తనలు ఇలాగే రాసుకుంటారు. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. ఒడియా లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు, రెంటికీ ఒకే అక్షరం. అందుకని దీర్ఘం ఉన్నచోట పైన చిన్న గీత పెట్టండి, లేకపోతే ‘కొడుకు’ను ‘కోడుకు’ అని లాగేస్తారు. ఇక ఒడియాలో అకారాన్ని గుండ్రంగా పలికే అలవాటు తెలుగు చదువులోకి వచ్చేస్తుంది. ఫోనులో తెలుగు బైబిలు ఆడియో పెట్టుకుని, ఆ భాగాన్ని రోజుకు రెండుసార్లు వింటే అది సర్దుకుంటుంది.

మన బైబిలు తెలుగు పాతది, సంధులతో మాటలు పొడుగు. నత్తి ఉన్నవాళ్లకు అక్కడే దెబ్బ. ‘పరిపూర్ణమగుచున్నది’ని ‘పరిపూర్ణము / అగుచున్నది’ అని విడదీసి రాసుకోండి. అర్థం చెడదు, ఎవరూ తప్పు పట్టరు. నాలుగైదు మాటలకొక చోట పెన్సిలుతో వాలుగీత పెట్టండి. అది ఊపిరి తీసుకునే చోటు. మొత్తం అచ్చులో ఉన్నట్టే ఏకబిగిన చదవబోతే రెండో వచనానికే ఊపిరి అయిపోయి గొంతు బిగుస్తుంది.

సోమ, మంగళవారాల్లో ఇంకొకరితో కలిసి, ఒకే గొంతులా చదవండి. మీ భార్య కావచ్చు, పెద్ద పిల్ల కావచ్చు. మూడుసార్లు చాలు, పదిహేను నిమిషాలు దాటవద్దు. బుధ, గురువారాల్లో ప్రతి వచనంలో మొదటి రెండు మూడు మాటలు ఇద్దరూ అని, తర్వాత వాళ్లు గొంతు తగ్గిస్తారు, మీరు కొనసాగిస్తారు. ఆగితే వాళ్లు మళ్లీ కలుస్తారు. శుక్రవారం వాళ్ల ముందు ఒంటరిగా. శనివారం సాయంత్రం మందిరానికి వెళ్లి, మైకు పెట్టి, ఖాళీ బల్లల ముందు ఒకసారి. మైకు తప్పకుండా వాడండి. గొంతు పెంచాల్సి వస్తే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే మాట ఆగుతుంది.

మాట ఆగినప్పుడు అందరూ చేసే తప్పు తోయడం. మెడ నరాలు ఉబ్బేలా తోస్తే ఇంకా గట్టిగా మూసుకుంటుంది. ఆపేయండి. కొంచెం గాలి వదలండి. మొదటి అక్షరాన్ని మెత్తగా, కాస్త సాగదీసి మొదలుపెట్టండి. అచ్చుతో మొదలయ్యే మాటలకు (‘ఎంతవరకు’, ‘ఆయన’) ముందు కొద్దిగా గాలి పోనిచ్చి, దాని మీద గొంతు కలపాలి. ప, బ, మ లాంటి వాటికి పెదాలు గట్టిగా నొక్కకుండా తాకీ తాకనట్టు పెట్టాలి. మామూలు మాటల్లో మీరు కష్టమైన పదం వస్తుందనగానే వేరే పదం వేసి తప్పించుకుంటూ ఉండవచ్చు. వాక్యం చదివేటప్పుడు ఆ దారి లేదు. ఒక రకంగా అది మంచిదే. తప్పించుకునే అలవాటే నత్తిని ఎక్కువ పెంచుతుంది.

చదవడానికి ముందు ఒక్క వాక్యం చెప్పండి: ‘నాకు నత్తి ఉంది, అక్కడక్కడా ఆగుతాను, మీరు బైబిలు చూస్తూ ఉండండి.’ అంతే. క్షమించమని అడగవద్దు, చిన్నప్పటి కథ చెప్పవద్దు. దాచాలనే భారం పోగానే సగం బిగువు వదులుతుంది. ‘నా బలహీనతలయందే అతిశయపడుదును’ అన్నదానికి నేను చూపగలిగిన అతి చిన్న రూపం ఈ వాక్యమే. అతిశయపడడం అంటే ప్రదర్శన పెట్టడం కాదని కూడా అనాలి. కొన్ని సాక్ష్యాలు వింటుంటే ఎవరి కష్టం పెద్దదో పోటీ పడుతున్నట్టు ఉంటుంది. ఆ వాక్యంలో అతిశయం క్రీస్తు శక్తి గురించి, కష్టం పొడవు గురించి కాదు.

సంఘానికి కూడా ఒక పని ఉంది. పాస్టరుగారు ముందే నెమ్మదిగా చెప్పాలి: ఆగినప్పుడు మాట అందించవద్దు, ‘మెల్లగా చెప్పు బ్రదర్’ అనవద్దు, జాలిగా తల దించుకోవద్దు. మన సంఘాల్లో ప్రత్యేకంగా ఇంకొకటి: ఆ నిశ్శబ్దం భరించలేక ఎవరో ఒకరు ‘స్తోత్రం! హల్లెలూయా!’ అని అందుకుంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. చదివేవాడికి మాత్రం రైలు వెళ్లిపోయిన ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు ఉంటుంది.

ఇదీ కుదరకపోతే వంతుల పఠనం పెట్టించండి, ఒక వచనం మీరు, ఒక వచనం సంఘం. లేదా మొత్తం భాగం అందరూ కలిసి. జయపురం వైపు లూథరన్ ఆరాధన క్రమానికి అలవాటుపడ్డవాళ్లకు ఇది కొత్త కాదు. బాప్టిస్టు, స్వతంత్ర సంఘాల్లో కొంచెం నచ్చజెప్పాలి. మొదటి రెండు మూడు నెలలు ఇలా చేసి, తర్వాత ఒంటరిగా చదివినా ఏ నష్టమూ లేదు.

నత్తికి స్పీచ్ థెరపీ ఉంది, 43 ఏళ్లకు కూడా ఉపయోగపడుతుంది. పూర్తిగా పోతుందని ఎవరైనా హామీ ఇస్తే డబ్బు కట్టకండి. బిగువు తగ్గి, తప్పించుకోవడం తగ్గి, మాట తేలిక కావడమే అక్కడ లక్ష్యం. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చెవి-ముక్కు-గొంతు విభాగంలో అడిగి దారి తెలుసుకోండి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ పనికే ఉన్న కేంద్ర సంస్థ. నత్తి ఉన్నవాళ్లు తమలో తాము నడుపుకునే ‘ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్’ కూడా ఉంది. అలాంటివాళ్లతో నెలకోసారి మాట్లాడినా ఎంతో మార్పు వస్తుంది.

ఇక మీ ఉపవాసం. ఇది మీ నత్తికన్నా అర్జెంటు. షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్, గ్లిక్లాజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి, ఇన్సులినూ, తిండి లేకుండా వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ ప్రమాదం తక్కువ. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మాత్రలకు ఉపవాసంలో వేరే ప్రమాదం ఉంది, శరీరం ఎండి రక్తంలో ఆమ్లాలు పెరగవచ్చు. మీ చీటీ మీద ఏముందో చూసి, ఉపవాసానికి ముందే డాక్టరును అడగండి, మోతాదు సొంతంగా మార్చవద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తికమక కావడం కనిపిస్తే వెంటనే చక్కెర చూసే మిషనుతో చూడండి. 70కి తక్కువైతే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. 300 దాటినా ఉపవాసం అక్కడితో ఆపాలి. ఆ వణుకును ‘ఆత్మ తాకిడి’ అనుకుని చుట్టూ చేరి ప్రార్థిస్తూ పంచదార ఇవ్వకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మిషను లేకపోతే చూడడం కోసం ఆగకుండా ముందు పంచదార ఇవ్వండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దానియేలు మూడు వారాలు రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మానాడు (దానియేలు 10:2-3), తిండి మొత్తం కాదు. మీకు సరిపోయేది అది. వేళకు అన్నం, మాత్ర. టీవీ, చేపల కూర, ఫోను బంద్. మీ సంఘంలో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవాళ్లు ఉంటే, మన కొండ ప్రాంతాల్లో ఉంటారు, వాళ్లు నీళ్లు మానే ఉపవాసం అసలు చేయకూడదు. ఒంట్లో నీరు తగ్గితే నొప్పులు విరుచుకుపడతాయి. క్షయ మందులు సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి. రెండో నెలలో దగ్గు తగ్గిందని, స్వస్థత వచ్చిందని ఆపేస్తే మందులకు లొంగని క్షయ తయారవుతుంది. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే మూర్ఛ ఆగకుండా రావచ్చు. స్వస్థత నిజమైతే పరీక్షలో తెలుస్తుంది, మందు ఆపమని డాక్టరే చెబుతారు. అందాకా వేసుకోవడం అవిశ్వాసం కాదు.

నిద్ర పట్టడం లేదన్నారు. ఏలీయా చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకుంటే దేవుడు ముందు ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు, అదీ రెండుసార్లు. తర్వాతే మాట్లాడాడు. చదివే వారంలో రాత్రి పదికి ఫోను పక్కన పెట్టి పడుకోండి, సాధన పగలే చేయండి. నిద్రలేమి రెండు వారాలు దాటినా, దేనిమీదా ఆసక్తి లేకుండా పోయినా, బతకాలని లేదనిపించినా 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

పక్కన ఒక మనిషిని పెట్టుకోమన్నాను కదా, మీ బాధ ఎవరికి చెప్పుకుంటారన్నది ముఖ్యం. చిన్న ఊళ్లలో ప్రార్థన విన్నపం మూడు ఇళ్లు దాటేసరికి కబురు అయిపోతుంది. ఇంతకు ముందు ఎవరి గుట్టయినా కాపాడిన మనిషినే ఎంచుకోండి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. సంఘం ముందు ఏ మాట చెప్పవచ్చో మీరే ఒక వాక్యం రాసి ఇవ్వండి, అంతకు మించి చెప్పవద్దని అనండి.

చివరగా, ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం ఒక హెచ్చరిక. ‘నా కృప నీకు చాలును’ అని ప్రభువు పౌలుతో అన్నాడు. పౌలు దాన్ని తనకు చెప్పుకున్నాడు. దాన్ని బాధలో ఉన్న ఇంకొకరి నోరు మూయించడానికి వాడితే అది వేరే పని అవుతుంది. ముఖ్యంగా, భర్త చేతిలో దెబ్బలు తింటున్న సహోదరికి ఆ వాక్యం చెప్పి ఇంటికి పంపకండి. అది ఆమె బలహీనత కాదు, అతని నేరం. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 అత్యవసరం, ఈ రెండు నంబర్లు మందిరం నోటీసు బోర్డు మీద ఉండాలి.

బ్రదర్, మీ మొదటి భాగంగా 13వ కీర్తన అడగండి. ఆరే వచనాలు. ‘ఎన్నాళ్లవరకు’, ‘ఎంతకాలము’, ‘ఎంతవరకు’ అని మొదటి రెండు వచనాల్లోనే పదేపదే దేవుణ్ణి నిలదీస్తుంది, కాబట్టి ఆగి ఆగి చదివినా ఆ మాటలకు నప్పుతుంది. ఈ ఆదివారం వద్దు. వచ్చే నెల మీ వంతుకు అని పాస్టరుగారికి ఇవాళే మెసేజీ పెట్టండి. మీ మాత్రల పేర్లు కూడా ఇక్కడ రాయండి, డాక్టరును ఏమేం అడగాలో చెబుతాను.